కాలవ నీళ్ళలో తొమ్మిది గుడ్డలు

విజయవాడలో బొమ్మల గురించి నాలుగు ముక్కలు తెలిసిన ప్రతివాళ్ళూ నా స్నేహితురాలి ప్రదర్శన గురించి ఇప్పటికీ ఒకటే మాట చెబుతారు. "రూపాన్నీ అరూపాన్నీ కలిపేసిందండీ. ముఖాల్ని కావాలనే సగం కరిగించింది. మిగతా సగం చూసేవాళ్ళు పూరించుకోవాలని." చెబుతూ చెయ్యి గాల్లో ఒకసారి మెల్లగా తిప్పుతారు కూడా. అబద్ధం. తను ఏ ముఖాన్నీ కరిగించలేదు. తన జన్మలో ఒక్క ముఖాన్ని కూడా సగంలో వదల్లేదు.

రెండో కథ ఒకటుంది. అది గొంతు తగ్గించి చెప్పేది. "వాళ్ళలో మనుషుల బొమ్మలు వెయ్యకూడదు కదా, వాళ్ళన్న పడనివ్వలేదట, దగ్గరుండి చెరిపించాడట." ఇది నా చెవిన వేసిన పెద్దమనిషికి ఒక పెళ్ళి భోజనాల్లో, పప్పు వడ్డిస్తుండగానే, అందరూ వినేలా సమాధానం చెప్పాను. ఆయన పెరుగు దాకా కూర్చోలేదు.

రెండో కథ చెప్పేవాళ్ళ నోరు మూయించడం నాకు కష్టం కాదు. మొదటి కథ దగ్గరే నా నోరు పడిపోతుంది. ఎందుకంటే దాన్ని పుట్టించింది నేనే. ఒక మనిషి నొచ్చుకోకూడదని పుట్టించాను. ఆ మనిషి, అంటే తన అన్నయ్య, పోయినేడు పోయాడు. తను అంతకు ముందే పోయింది. ఇంక దాచి ఎవరిని కాపాడాలి?

తనూ నేనూ డిగ్రీలో హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. మొదటి వారమే తగాదా. తను పెన్సిలుతో ఏదో గీస్తుంటే వెనకనించి చూసి, "కుండ వేస్తున్నావా, వంకాయ వేస్తున్నావా?" అన్నాను. తల తిప్పకుండా, "నీకు ఆకలేస్తే వంకాయ, దాహమేస్తే కుండ" అంది. నాకు ఎదురు చెప్పి నెగ్గిన మొదటి మనిషి. అందుకే వదల్లేదు.

చదువులయ్యాక నేను ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, తను ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా, ఇద్దరం విజయవాడలోనే ఉండిపోయాం. గుణదలలో మేము అద్దెకుండే ఇంటి పైన ఒక గది ఖాళీ అయితే దాన్ని తనకి ఇప్పించాను. వానొస్తే ఆ గది నాలుగు చోట్ల కారేది. "ఇంటి ఓనరుతో దెబ్బలాడు, నీకు అదే పని కదా" అనేది. దెబ్బలాడాను. తర్వాత మూడు చోట్లే కారింది.

తిరనాళ్ళప్పుడు మా వీధంతా జనం. తను పిట్టగోడ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని గీసేది. ఏ కాగితం చూసినా చెవులు. ముసలి చెవులు, పసి చెవులు, కమ్మలు పెట్టుకున్నవి, బోసివి.

"ముఖాలు వెయ్యవేంటే?"

"ముఖం ఆఖర్న. ముందు చెవి రానీ."

"ఎవరి చెవి?"

"మా అమ్మీది."

తనది పెడన. అద్దకం పని చేసే కుటుంబం. తండ్రి చిన్నప్పుడే పోతే, తనకన్నా పన్నెండేళ్ళు పెద్దయిన అన్న ఆ షెడ్డు నిలబెట్టి, చెల్లెల్ని చదివించాడు. తల్లి బల్ల దగ్గర నిలబడి గుడ్డల మీద అచ్చులు అద్దేది. తను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆవిడ జ్వరమొచ్చి వారం రోజుల్లో పోయింది.

ఆవిడ ఫొటో లేదు. దానికి కూడా జనం వాళ్ళకి తోచిన కారణం చెప్పుకున్నారు గానీ అసలు కారణం చాలా మామూలుది: ఎవరూ తియ్యలేదు. ఓటరు కార్డుల కోసం అందర్నీ బడి దగ్గర వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీసే నాటికి ఆవిడ లేదు. చుట్టాల పెళ్ళి ఫొటో ఒకదాంట్లో అంచున ఒక మోచెయ్యి ఉంది. అది అమ్మీ మోచెయ్యేనని అన్నాచెల్లెళ్ళిద్దరూ అనేవాళ్ళు. మిగతా చుట్టాలు ఒప్పుకోలేదు.

ఆ ఓటరు కార్డు చేతికొచ్చిన రోజే ఇదంతా మొదలైంది. అన్న తన ఫొటో తాను చూసుకుని, "ఇది నేనా, దొంగలా ఉన్నాను" అని నవ్వాడట. నవ్వి, కార్డు పక్కన పెట్టి, "పాపా, నాకు అమ్మీ ముఖం రావట్లేదే" అన్నాడట. "పొద్దున్నే నమాజుకి లేస్తే గొంతు వినిపిస్తుంది. అప్పుడు ముఖం కూడా కనిపించేది. ఈమధ్య రావట్లేదు."

తను ఆ వారం విజయవాడ తిరిగొచ్చి ఇది నాకు చెప్పింది. చెప్పి, "నేను వేస్తాను. భాయ్ చూడాలి" అంది. అంతే. తర్వాత మూడేళ్ళు తను చేసిందంతా ఈ ఒక్కదాని కోసం. రూపం, అరూపం అని ఇప్పుడు చేతులు తిప్పేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. అన్నకి తల్లి ముఖం చూపించాలి. మిగతావన్నీ దాని చుట్టూ వచ్చాయి.

దేని మీద వేసిందో చెప్పాలి. అద్దకం బల్ల మీద మెత్తగా ఉండటానికి గోనెలు పరిచి, వాటి మీద ఒక ముతక గుడ్డ వేస్తారు. పని గుడ్డ దాని మీద పరిచి అచ్చు కొడతారు. కొట్టిన ప్రతిసారీ రంగు కొంచెం కిందికి దిగి ఆ అడుగు గుడ్డకి అంటుతుంది. పువ్వు మీద పువ్వు, ఆకు మీద ఆకు, నెమలి మీద నెమలి, ఏడాది తిరిగేసరికి ఏదీ ఏదో తెలియని నలుపూ ఎరుపూ మేఘాల్లా తయారవుతుంది. అప్పుడు దాన్ని తీసేసి కొత్తది వేస్తారు. పాతది పొయ్యి దగ్గర మసిగుడ్డ.

"మా అమ్మీ కొట్టిన దెబ్బలన్నీ దీంట్లో ఉన్నాయి. నేను కాగితం మీద ఎందుకు వెయ్యాలి?" అంది. అటక మీద మూలుగుతున్న పాత అడుగు గుడ్డలు తొమ్మిది ఏరుకుంది. వాటిల్లో ఒక్కటి తల్లి వాడినదేనని అన్న గుర్తుపట్టాడు. మూల కాలిన మచ్చ ఉందట.

గీతలకి వాళ్ళింటి నలుపే వాడింది. ఇనప తుప్పూ బెల్లమూ నీళ్ళలో నానబెట్టి తీసే నలుపు. వెదురు పుల్లతో వేసేది. కానీ మనిషి చర్మం రంగు అద్దకంలో లేదు కదా. బుగ్గకీ పెదవికీ నుదుటికీ మాత్రం స్కూలు పిల్లలు వాడే సీసా రంగులు కలుపుకుంది. నేను గవర్నర్‌పేటలో కొనుక్కొచ్చిన సీసాలే అవి. కొన్నప్పుడు షాపువాణ్ణి రంగు ఎండాక రాలుతుందా అని కూడా అడిగాను. రాలదన్నాడు. తడిస్తే ఏమవుతుందని అడగలేదు.

వేసవి సెలవలకి తను పెడన వెళ్ళి, షెడ్డు వెనక గదిలో తలుపేసుకుని వేసేది. ఎనిమిది గుడ్డల మీద ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, బల్లల దగ్గర పనిచేసేవాళ్ళు. తొమ్మిదో దాని మీద, ఆ కాలిన మచ్చ ఉన్నదాని మీద, తల్లి.

మూడో వేసవి, జూన్ మొదట్లో, "వచ్చి చూడు" అని కబురు పెట్టింది. వెళ్ళాను. తలుపేసి, గుడ్డ గోడకి వేలాడదీసింది.

నేను ఆ తల్లిని ఎప్పుడూ చూడలేదు. అయినా చూడగానే సర్దుకుని నిలబడ్డాను. ఆవిడ పక్కకి తిరిగి, ఏదో అనబోతూ ఆగినట్టుంది. తల మీద కొంగు, కొంగు అంచున చెవి. బరువు కమ్మలకి కిందికి సాగి చీలిపోయిన తమ్మె. వెనకంతా ఆ నలుపూ ఎరుపూ పువ్వుల మేఘం.

"నన్నెందుకే అలా చూస్తోంది?"

"పని లేకుండా నిలబడ్డావుగా. తిట్టబోతోంది."

ఇద్దరం నవ్వాం. తర్వాత తను మెల్లగా, "నోరు వచ్చింది చూడు. మూడేళ్ళు పట్టింది. ఎలా వచ్చిందో నాకు తెలీదు. మళ్ళీ వెయ్యమంటే వెయ్యలేను" అంది.

"మీ అన్నయ్యకి చూపించావా?"

"హాల్లో చూస్తాడు. పెద్ద గోడ మీద, లైటు కింద. ఇక్కడ చూపిస్తే 'బాగుందే పాపా' అని పన్లోకి పోతాడు. అక్కడైతే నిలబడి చూడాలి. అందరూ చూస్తుండగా చూడాలి. మా అమ్మీని ఎవరూ నిలబడి చూడలేదే."

"ఇవాళే చూపించు. పక్క షెడ్డులోనే ఉన్నాడు, పిలుస్తానుండు."

"నోర్ముయ్. వాటిల్లో అమ్మీ ఉందని కూడా చెప్పలేదు. చూడనని మాటిచ్చాడు. హాల్లో తప్ప చూడకు భాయ్ అన్నాను. సరేనన్నాడు."

వాదించాను. అరగంట వాదించాను. ఆ రోజు కూడా తనే నెగ్గింది. నా జీవితంలో నేను ఓడిపోయిన వాదనలు చాలా తక్కువ. వాటిలో ఇంతగా గుర్తున్నది ఇంకొకటి లేదు.

స్కూళ్ళు తెరుస్తారు, గుణదల గదిలో పెడితే కారుతుంది, అందుకని తొమ్మిది గుడ్డలూ చుట్టి షెడ్డులోనే అల్మరాలో పెట్టి వచ్చేసింది. అన్నకి చెప్పింది: "ఆగస్టులో హాలు తీసుకుంటాను. ముందురోజు తీసుకురా భాయ్. పెద్దపెద్దవాళ్ళొస్తారు."

ఇక్కడే చెప్పాల్సింది చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెప్పాలని తోచలేదు. ఆ ఇంట్లో పుట్టిన మనిషికే తోచలేదు.

మా వైపు ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. పెడనలో ఆ రెండు మూడు నెలలు అచ్చులు కొడతారు గానీ ఉతుకు ఉండదు. అద్దకం గుడ్డ పారే నీళ్ళలోనే ఉతకాలి, నిలవ నీళ్ళు పనికిరావు. వేసవిలో కొట్టిందంతా మడతపెట్టి ఉంచి, కాలవకి నీళ్ళు వదిలిన రోజు షెడ్డులో ఉన్న ప్రతి గుడ్డా తీసుకెళ్ళి నీళ్ళలో వేస్తారు. ఆ రోజు వాళ్ళకి పండగలాంటిది. ఉతక్కుండా ఒక్క గుడ్డ గడప దాటిందంటే ఆ షెడ్డుకి మాట. అద్దే ముందు పట్టించిన కరక్కాయ వాసన ఇంకా కొట్టే గుడ్డ ఎదుటివాళ్ళ చేతిలో పెట్టడమంటే ఎంగిలి కంచంలో అన్నం పెట్టినట్టే.

చెల్లెలి గుడ్డలు పెద్దవాళ్ళ ముందుకి వెళ్తున్నాయి. ఆయన ఉతక్కుండా ఎలా పంపుతాడు?

ప్రదర్శనకి ముందురోజు మధ్యాహ్నం ఆయన బందరు ప్యాసింజరు దిగి, సంచీ భుజాన వేసుకుని, గవర్నర్‌పేటలో మేము అద్దెకి తీసుకున్న మేడమీది హాలుకి వచ్చాడు. హోమియోపతి క్యాంపులకీ పెళ్ళిచూపులకీ ఇచ్చే హాలది. గోడలకి మేకులు కొట్టించి, లైట్లు పెట్టించి, తను రెండు రోజులుగా అక్కడే ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం దువ్వుకుని, అత్తరు రాసుకుని వచ్చాడు. సంచీలోంచి తీసిన గుడ్డలు కూడా ఇస్త్రీ చేసి, అంచులు కలిపి, చదరంగా మడతపెట్టి ఉన్నాయి.

మడతలు చూడగానే తను నా చెయ్యి పట్టుకుంది. తను ఇచ్చింది చుట్టలు.

"కాలవ వదిలిన రోజే వేశానే పాపా. ఎవరి చేతికీ ఇవ్వలేదు, నేనే దిగాను. బండకేసి కొట్టలేదు. జాడించానంతే. గడ్డి మీద ఆరేశాను" అంటూ ఒక్కోటీ విప్పి బల్ల మీద పరిచాడు.

నేను చూశాను. నలుపు గీతలు అలాగే ఉన్నాయి. కొంగులు, జడలు, వేళ్ళు, గాజులు. వెనక పువ్వుల మేఘం ఇంకా తేటపడి బాగుంది. ముఖాలు మాత్రం లేవు. గులాబీ రంగు మరకలాంటిదేదో అక్కడక్కడ. అంతే. తొమ్మిదోది ఆయన పరుస్తుంటే నేను కిటికీ వైపు తిరిగాను. తను తిరగలేదు. కొంగు, చీలిన తమ్మె, మూల కాలిన మచ్చ. మధ్యలో ఉతికిన గుడ్డ.

ఆయన చెల్లెలి ముఖంలోకి చూస్తున్నాడు. మెచ్చుకుంటుందని.

"బాగా ఉతికావు భాయ్" అంది తను.

ఆ తర్వాత చాయ్ తెస్తామని చెప్పి నన్ను లాక్కుని మెట్ల మీదికి వచ్చింది. మెట్ల మధ్యలో గోడకానుకుని కూర్చుంది. ఏడవలేదు. కింద వీధిలో ఆటోల హారన్లు, సిటీ బస్సుల రొద.

"ఆపేద్దాం. ఒంట్లో బాగాలేదని చెబుదాం" అన్నాను.

"భాయ్‌కి ఏం చెబుతావు?"

"నిజం చెబుదాం. పెద్దమనిషి, ఆయనకి మాత్రం..."

"అమ్మీ ముఖం నీ చేత్తోనే ఉతికేశావు అని చెబుతావా? చెప్పు, వెళ్ళు. పైనే ఉన్నాడు."

నేను పై మెట్లకేసి చూసి, తన పక్కనే కూర్చున్నాను.

"నీకు నోరుంది కదా. కుండని వంకాయంటావు, వంకాయని కుండంటావు. ఇప్పుడు వాదించు. ఇవి ఇలా ఉండాలనే వేశానని వాదించు. రేప్పొద్దున వచ్చే ప్రతివాడూ నమ్మాలి. అందరూ నమ్మితే భాయ్ కూడా నమ్ముతాడు."

అలా పుట్టింది ఆ కథ. సాయంత్రం లోపల ఒక కాగితం రాసి, పక్క సందులో ప్రెస్సుకిచ్చి అచ్చేయించాను. రూపం, అరూపం, జ్ఞాపకం, లేమి, నాకు తెలిసిన పెద్దమాటలన్నీ దట్టించాను. "ముఖం ఉండవలసిన చోట ముఖం లేకపోవడమే ఈ చిత్రాలకు ముఖం" అని ఒక వాక్యం. దానికి అర్థమేమిటో నాకు ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. మర్నాడు ఒక విలేఖరి దాన్ని యథాతథంగా ఎత్తి రాశాడు. ఇవాళ చేతులు తిప్పేవాళ్ళందరూ చెప్పేది అదే వాక్యం.

మూడు రోజులు నేను ఆ హాల్లో నిలబడి అందరితో వాదించాను. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన కళ్ళజోడు సర్దుకుని, "ఇవి ఇంకా పూర్తవలేదల్లే ఉందే" అన్నారు.

"పూర్తి చెయ్యాల్సింది మీరండీ" అన్నాను.

"నేనా? నాకు టైమెక్కడిదమ్మా" అన్నారాయన పాపం.

తన స్కూలు హెడ్మిస్ట్రెస్ వచ్చి, "ముఖాల్లేకపోతే పిల్లలు జడుసుకోరూ?" అంది. "ముఖాలున్న మనల్ని చూసి రోజూ జడుసుకుంటూనే ఉన్నారు కదండీ" అన్నాను. ఆవిడ నవ్వేసి, ఇంకోసారి తిరిగి చూసి, కళ్ళు తుడుచుకుంది. ఎందుకో నేను అడగలేదు. అదీ నాకు కోపమే. నేను కల్పించిన అబద్ధం ముందు నిలబడి జనం నిజంగా కదిలిపోయారు.

అన్నయ్య మూడు రోజులూ ఉన్నాడు. ఒక మూల కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళకి నమస్కారం పెడుతూ. మొదటి రోజు మధ్యాహ్నం జనం పలచబడ్డాక, లేచి ఒక్కో గుడ్డ ముందూ ఆగుతూ వచ్చి, తొమ్మిదోదాని ముందు నిలబడ్డాడు. తను కోరుకున్నట్టే. పెద్ద గోడ మీద, లైటు కింద. చాలాసేపు నిలబడ్డాడు. నేను వెళ్ళి పక్కన నిలబడి పాఠం మొదలుపెట్టాను.

"ఇప్పుడు కొత్తగా ఇలాంటివే వేస్తున్నారండీ. ముఖం వేసేస్తే అది ఎవరో ఒకరిదే అవుతుంది కదా. వెయ్యకపోతే ఎవరిదైనా కావచ్చు. అదన్నమాట."

"అంటే పాప కావాలనే వెయ్యలేదాండీ?"

"అవునండీ. కావాలనే."

ఆయన తలూపాడు. గుడ్డ మీద లేని ముడతని అరచేత్తో ఒకసారి సర్ది, "ఇస్త్రీ ఇంకొంచెం పడాల్సిందండీ" అన్నాడు. అని వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

తను అవతల గోడ దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. నేను తన వైపు చూశాను, నెగ్గాం అన్నట్టు. తను కళ్ళు దించుకుంది.

తొమ్మిదో గుడ్డ కావాలని ఒక డాక్టరుగారు గట్టిగా పట్టుబట్టారు. తను ఇవ్వలేదు. దాన్ని మళ్ళీ మడతపెట్టి అన్న సంచీలోనే పెట్టింది. "దీన్ని షెడ్డులో ఉంచుకో భాయ్" అంది. ఎందుకని ఆయన అడగలేదు.

ఆ తర్వాత జరిగింది జనం చెప్పరు. హైదరాబాదు నించి ఉత్తరాలొచ్చాయి, ఇలాంటివే ఇరవై కావాలని. తను ప్రయత్నించింది. గది బయట బకెట్టులో నీళ్ళు పెట్టుకుని, ముఖం వేసి, ముంచి తీసేది. ఒకసారి నేను మెట్లెక్కేసరికి చేతులు మోచేతులదాకా తడిగా ఉన్నాయి.

"ఏంటే ఇది?"

"నువ్వు రాసినట్టు వేస్తున్నాను. ఆ కాగితంలో నువ్వు కనిపెట్టిన బొమ్మలేసే ఆవిడ నాకు దొరకట్లేదు."

ఆ మాట నాకు తగలాలనే అంది. తగిలింది. నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. ఐదో రోజు తనే కిందికొచ్చి చాయ్ అడిగింది.

తల్లి ముఖం కూడా మళ్ళీ మొదలుపెట్టింది. ముక్కు వచ్చేది, కళ్ళు వచ్చేవి. నోరు రాలేదు. ఒక వేసవి పోయింది, ఇంకో వేసవి పోయింది. మూడో ఏడు సెలవలకి పెడన వెళ్ళి, రంగులు విప్పకుండానే తిరిగొచ్చింది. "నాకూ రావట్లేదే ఇప్పుడు. భాయ్‌కి పోయినట్టే నాకూ పోయింది. గీయగా గీయగా నేను గీసినదే గుర్తుంది గానీ అమ్మీ గుర్తులేదు" అంది. ఆ తర్వాత స్కూల్లో బోర్డు మీద సుద్దముక్కతో తప్ప ఏమీ వెయ్యలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర కొత్తగా ఫ్లెక్సీలు లేస్తున్న రోజులవి. బస్సులో వెళ్తూ వాటిమీద మనిషెత్తు ముఖాలు చూసి, "ఎన్ని ముఖాలే, ఒక్కటీ తడిసినా పోదట" అనేది.

నలభై దాటిన ఏడాదికే రక్తం తగ్గిపోయే జబ్బుతో మంచానపడింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో పక్కన కూర్చుంటే, "భాయ్‌కి చెప్పలేదుగా?" అని అడిగింది.

"లేదే."

"అంత నోరున్నదానివి. ఎలా ఆపుకున్నావే?"

 నేను దుప్పటి తన భుజం దాకా లాగి సర్దాను. తను నా చెయ్యి మీద వేలితో చిన్నగా ఏదో గీసింది. చెవో, కుండో.

తను పోయిన మూడేళ్ళకి, జులైలో, ఒక పెళ్ళి పని మీద బందరు వెళ్తూ పెడనలో దిగాను. షెడ్డులో రెండు బల్లలే నడుస్తున్నాయి. అన్నయ్య బాగా పాతబడిపోయాడు. నన్ను చూసి, "రండి మేడంగారూ, రండమ్మా" అని కుర్చీ తుడిచి వేశాడు. ఎదురుగా గోడ మీద తొమ్మిదో గుడ్డ. ఒకప్పుడు తల్లి నిలబడి పనిచేసిన బల్లకి నేరుగా ఎదురుగోడ. దుమ్ము లేదు.

చాయ్ తాగాక ఆయన నన్ను కాలవ దాకా తీసుకెళ్ళాడు. వారం కిందటే నీళ్ళు వదిలారు. ఒడ్డున గడ్డి మీద ఎర్రగా గుడ్డలు ఆరుతున్నాయి. ఆయన గట్టు మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తూ, నేనేమీ అడక్కుండానే అన్నాడు:

"మా నలుపు దిగదండీ. మా ఎరుపు దిగదు. ఆ రోజు నీళ్ళు రంగు మారినాయి."

నేను కూడా గట్టు మీద కూర్చున్నాను.

"లేతగా దిగిందండీ. మనిషి ఒంటి రంగు. అప్పుడు తెలిసింది నాకు, ఉతికేవి కాదని. అప్పటికే అన్నీ నీళ్ళలో ఉన్నాయి. తాడుకి కట్టి అన్నీ ఒకసారే వేస్తాం కదా. చూడనన్న మాట కోసం చుట్టలు విప్పలేదండీ."

"మరి... హాల్లో..."

"చెప్పేద్దామనే వచ్చానండీ. కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. విప్పి పరిస్తే పాప, బాగా ఉతికావు భాయ్, అంది. ఇంకేం చెప్పను? తను అంత కష్టపడి ఆ మాట అన్నాక, నాకు తెలుసని చెబితే తనకి ఇంకా కష్టం కదండీ. మీరు కూడా వచ్చి ఎంతో ఓపిగ్గా చెప్పారు. కావాలనే వెయ్యలేదన్నారు. తలూపాను."

నా చేత్తో రాసిన కాగితం, నేను మూడు రోజులు చేసిన వాదన, అన్నీ ఒకే ఒక్క మనిషి నమ్మాలని. ఆ మనిషి ఒక్కడే నమ్మలేదు. మిగతా ఊరంతా నమ్మింది. అన్న కోసం చెల్లెలు, చెల్లెలి కోసం అన్న, అన్నేళ్ళు ఒకరి దగ్గర ఒకరు దాచుకుని, దాచుకున్నట్టే వెళ్ళిపోయారు. మధ్యలో నేను, అన్నీ తెలిసినదాన్ననుకుంటూ.

షెడ్డుకి తిరిగొచ్చాం. ఆయన ఎదురుగోడ కేసి చూపించి, "ఇదొక్కటీ ఎవరికీ ఇవ్వలేదండీ పాప. నన్నే ఉంచుకోమంది. ఎందుకో మరి" అన్నాడు. అని నా వైపు చూశాడు.

ఆ చూపుకి అర్థం నాకు ఇప్పటికీ తేలలేదు. చీలిన తమ్మె ఎదురుగా కనిపిస్తూనే ఉంది. ఆ తల్లి పాలు తాగిన బిడ్డ ఆ చెవిని గుర్తుపట్టడా? గుర్తుపట్టి, నా నోటితో విందామని అడిగాడా? లేక నిజంగానే తెలియక అడిగాడా? తెలియకపోతే నేను చెప్పగానే తెలిసిపోతుంది, తన చేత్తో ఏం ఉతికాడో. అడగాల్సింది నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే చెప్పినట్టే. "ఏమోనండీ" అన్నాను. ఏ సభలోనూ ఎవరి ముందూ అనని మాట. బస్సుకి టైమైందని లేచాను.

ఇప్పుడు ఆయన కూడా లేడు. తొమ్మిదో గుడ్డ ఎక్కడుందో తెలియదు, షెడ్డు వేరేవాళ్ళు తీసుకున్నారు. ఇంక నేను అడిగితే ఎవరికీ నొప్పి లేదు, చెప్పేవాళ్ళూ లేరు. అయినా కాలవలు వదిలారని పేపర్లో చదివిన ప్రతి ఏడూ అదే నోటికొస్తుంది. చూడనని చెల్లెలికి మాటిచ్చిన మనిషి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తాడు ముడి తీసి, ఆ ఆఖరి గుడ్డని విప్పినప్పుడు, రంగు ఇంకా పూర్తిగా దిగిపోకముందు, ఒక్క క్షణం, ఆయనకి వాళ్ళమ్మ కనిపించిందా?